భోజనప్రియుని రుణం

తిండిని ఇష్టపడేవారిని గురించి తెలుగులో రెండు మాటలున్నాయి. ఆకలితో నిమిత్తం లేకుండా దొరికినంత తినేవాణ్ణి లోకం తిండిపోతు అంటుంది. ఏది, ఎప్పుడు, ఎక్కడ, ఎలా తినాలో ఎరిగి తినేవాణ్ణి భోజనప్రియుడు అంటుంది. మొదటి మాటలో నింద ఉంది, రెండవ మాటలో గౌరవం ఉంది. ఆ రెండింటి మధ్య గల భేదం తినే పరిమాణానికి సంబంధించినది మాత్రమే కాదు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనే ఆరు రుచులను వేరుపరచి చెప్పడం నాలుక పని. ఆ రుచి ఏ నేల నుంచి, ఏ నీటి నుంచి, ఎవరి చేతి నుంచి వచ్చిందో తెలుసుకోవడం బుద్ధి పని. ఈ రెండవ పనిని విస్మరించినవాడు ఎన్ని భోజనశాలలు తిరిగినా, ఎన్ని వింత పానీయాలు సేవించినా సగం రుచినే ఎరుగుతాడు.

ఈ విషయాన్ని నేడు ప్రత్యేకంగా ఆలోచించవలసిన అవసరం ఏర్పడింది. గడచిన రెండు మూడు దశాబ్దాలలో చిన్న పట్టణాలలో సైతం భోజనశాలలు విస్తరించాయి. కుండ బిర్యానీ, అరబ్బు దేశాల మండి, చైనా నూడిల్స్ ఒకే కప్పు కింద లభిస్తున్నాయి. నీలిరంగు, ఆకుపచ్చరంగు పానీయాలు విదేశీ నామాలతో పొడవైన గ్లాసులలో బల్ల మీదికి వస్తున్నాయి. సెలవునాడు మిత్రులతో కలిసి కొత్త హోటలును వెతుక్కుంటూ వెళ్లడం, మునుపెరుగని పానీయాన్ని రుచి చూడడం, దాని ఛాయాచిత్రాన్ని పదిమందికి పంపడం యువతకు ఒక సాహసంగా మారింది. పెద్దలు దీనిని తరచుగా నిందిస్తారు. ఆ నింద పూర్తిగా న్యాయమైనది కాదు. కొత్త రుచిని కోరడం మానవ స్వభావం. నేడు ఆంధ్రుల గుర్తుగా చెప్పుకొనే మిరపకాయ సైతం ఈ నేలపై పుట్టినది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దిలో భారతదేశానికి వచ్చింది. దానిని నాలుక మీద పెట్టుకొని చూసిన తొలి తెలుగువాడు ఎవరో గాని, అతడు సాహసికుడే. కాబట్టి ఆక్షేపించవలసింది కొత్తరుచి మీది కోరికను కాదు. ఆ కోరిక నాలుక దగ్గరే ఆగిపోవడం ఆక్షేపణీయం.

తెలుగు సాహిత్యంలో ఇద్దరు ప్రసిద్ధ భోజనప్రియులు కనిపిస్తారు. మొదటివాడు కవిసార్వభౌముడు శ్రీనాథుడు. రాజాస్థానాలలో సన్నబియ్యపు అన్నానికి అలవాటుపడిన ఆ మహాకవి పల్నాటి సీమకు వెళ్లి, అక్కడి జొన్నకూటిని, నీటి కొరతను ఎత్తిపొడుస్తూ చెప్పినట్లు ప్రచారంలో ఉన్న చాటుపద్యాలు నేటికీ తెలుగువారిని నవ్విస్తాయి. అయితే ఆ నవ్వులో ఒక లోపం కూడా ఉంది. వర్షాధారమైన నల్లరేగడి నేలలో జొన్న పండడం సహజం. ఆ జొన్ననే తిని పల్నాటి ప్రజలు తరతరాలు కష్టించి జీవించారు. తన ఊరి విస్తరితో పరాయి ఊరి విస్తరిని కొలిచినవాడికి ఆ సంగతి కనిపించదు.

రెండవవాడు శ్రీకృష్ణదేవరాయలు. కళింగ దండయాత్ర సందర్భంలో ఆయన కృష్ణాతీరంలోని శ్రీకాకుళ క్షేత్రాన్ని దర్శించి, ఏకాదశీ ఉపవాసం చేసినట్లు, ఆ రాత్రి ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి కావ్యరచనకు ఆదేశించినట్లు ‘ఆముక్తమాల్యద’ అవతారిక తెలుపుతుంది. ఆ శ్రీకాకుళం నేటి కృష్ణాజిల్లా ఘంటసాల మండలంలో, దివిసీమకు సమీపంలో ఉంది. ఉపవాసంతో మొదలైన ఆ కావ్యంలో అన్నాన్ని గురించిన అపురూపమైన వర్ణనలు ఉండడం విశేషం. విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలంలో వడియాలు, వరుగులు, పెరుగు వడ్డిస్తాడు. చలికాలంలో మిరియపు పొడి చల్లిన వేడికూరలు, ఆవ ఘాటెక్కిన పచ్చళ్లు పెడతాడు. వేసవిలో పలుచని అంబలి, చెరకు రసం, కొబ్బరినీళ్లు, సుగంధభరితమైన చల్లని నీరు, నీరుమజ్జిగ ఇస్తాడు. ఒక చక్రవర్తి ఇంత శ్రద్ధతో గమనించినది ఋతువుకు, ఆహారానికి గల సంబంధాన్ని. ఏ కాలంలో భూమి ఏమిస్తుందో, శరీరం ఏమి కోరుతుందో తెలిసినవాని భోజనప్రియత్వం అది.

ఈ రెండవ దృష్టితో చూడదగిన ప్రాంతాలలో కృష్ణా డెల్టా దిగువ భాగం ముఖ్యమైనది. గుడివాడ, మచిలీపట్నం, దివిసీమలను కలిపి చూస్తే పచ్చని పొలాలు, నిండు కాలువలు కనిపించి, నీటికి కొదవ లేని నేల అనిపిస్తుంది. యథార్థం వేరు. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఇక్కడి భూగర్భజలం ఉప్పగా మారుతుంది. చాలా గ్రామాలలో బావి తవ్వినా, బోరు వేసినా తాగే నీరు దొరకదు. విజయవాడ వద్ద కృష్ణానదిపై 1852లో ప్రారంభమై 1855లో పూర్తయిన ఆనకట్ట, తరువాత 1957లో దాని స్థానాన్ని ఆక్రమించిన ప్రకాశం బ్యారేజి ఈ ప్రాంతానికి సాగునీటితోపాటు తాగునీటిని కూడా అందించాయి. కాలువ నీటితో చెరువులు నింపుకొని, కాలువలు కట్టివేసిన వేసవి నెలలలో ఆ నీటితోనే గడపడం ఇక్కడి జీవనవిధానం. పై ఊళ్లన్నీ వాడుకోగా మిగిలిన నీరే శివారు గ్రామాలకు చేరుతుంది. కనుక ఈ ప్రాంతంలో గ్లాసులోకి వచ్చే ప్రతి పానీయం వెనుక, విస్తరిలోకి వచ్చే ప్రతి పదార్థం వెనుక మంచినీటి కథ ఒకటి ఉంటుంది.

ఉదయం గుడివాడలో, మధ్యాహ్నం మచిలీపట్నంలో, సాయంత్రం దివిసీమలో గడపదలచిన భోజనప్రియునికి ఆ కథ అడుగడుగునా ఎదురవుతుంది.

గుడివాడ రైలు కూడలి. విజయవాడ, మచిలీపట్నం, భీమవరం మార్గాలు ఇక్కడ కలుస్తాయి. ప్రయాణికులు కలిసే ఊరిలో తెల్లవారకముందే ఇడ్లీపాత్రలు ఆవిరి చిమ్మడం సహజం. ఇడ్లీని సర్వసాధారణమైన టిఫినుగా భావించి, సాహసం కోరే యువకుడు దాని వైపు చూడకపోవచ్చు. కాని కృష్ణా డెల్టా రైతుకు ఆ ఇడ్లీ ఒకే మడిలో పండిన రెండు పంటల కలయిక. సార్వా వరి కోతకు కొద్దిరోజుల ముందు, పైరు ఇంకా నిలిచి ఉండగానే తడినేలలో మినుములు చల్లుతారు. వరి కోసిన తరువాత, నేలలో మిగిలిన పదునుతోనే, పొగమంచుతోనే ఆ మినుము ఎదుగుతుంది. దానికి ప్రత్యేకంగా నీరు పెట్టవలసిన పని సాధారణంగా ఉండదు. కాలువనీటితో పండిన బియ్యం, ఆ నీటి చివరి తేమతో పండిన మినుములు కలిసి, ఒక రాత్రి పులిసి, తెల్లవారేసరికి ఇడ్లీ అవుతాయి. మినపగారె కథ కూడా ఆ పదునులోనే మొదలవుతుంది. ఇంత పొదుపుగా నీటిని వాడుకొన్న వంటకం విదేశీ జాబితాలలో సైతం అరుదుగా కనిపిస్తుంది.

టిఫినుతోపాటు ఆ టిఫిను పెట్టే హోటలును గురించి కూడా ఆలోచించవలసి ఉంది. డబ్బు పుచ్చుకొని అన్నం పెట్టే ఆచారం తెలుగునాట పాతదే. ఓరుగల్లు నగరాన్ని వర్ణించిన ‘క్రీడాభిరామం’లో పూటకూటి ఇల్లు కనిపిస్తుంది. ‘కన్యాశుల్కం’లోని పూటకూళ్లమ్మ అందరికీ తెలిసిన పాత్రే. తరువాతి కాలంలో కాఫీ హోటళ్లు వచ్చాయి. ఆ తొలినాళ్లలో చాలాచోట్ల కులాన్ని బట్టి గదులు, పాత్రలు వేరుగా ఉండేవి. కొందరికి ప్రవేశమే ఉండేది కాదు. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 15వ అధికరణం ద్వారా ఆ అన్యాయాన్ని నిషేధించింది. మతం, కులం, పుట్టుక వంటి కారణాలతో దుకాణాలలోకి, భోజనశాలలలోకి, హోటళ్లలోకి ఎవరినీ రానివ్వకుండా అడ్డగించరాదని అది ఆదేశించింది. ప్రభుత్వ ధనంతో నిర్వహించే లేదా ప్రజల ఉపయోగానికి కేటాయించిన బావులు, చెరువుల విషయంలోనూ అదే ఆజ్ఞ ఆ అధికరణంలోనే ఉంది. రాజ్యాంగ నిర్మాతలు భోజనశాలను, బావిని ఒకచోట చేర్చి చెప్పడం గమనించదగినది. అన్నం, నీరు అందరివీ అయినప్పుడే సమాజం నాగరికమవుతుంది. ఇంటి వంటను గొప్పచేసి హోటలు తిండిని చిన్నచూపు చూసేవారు ఈ చరిత్రను మరువరాదు. పక్కవాడు ఎవరని అడగకుండా పదిమంది ఒకే బల్ల వద్ద ఇడ్లీ తినగలగడం హోటలు సమాజానికి చేసిన మేలు.

గుడివాడ నుంచి మచిలీపట్నం చేరితే కథ సముద్రం దాకా విస్తరిస్తుంది. ఓడరేవు అనే అర్థం గల పారశీక పదమే ఈ ఊరికి బందరు అనే వ్యవహారనామమైంది. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. సరకులతోపాటు రుచులు కూడా ఇక్కడ దిగాయి, ఇక్కడ నుంచి ఎక్కాయి. ఆంగ్లేయుల విందులలో ‘పంచ్’ అనే పానీయం ప్రసిద్ధమైనది. సారా, చక్కెర, నిమ్మరసం, నీరు, సుగంధద్రవ్యాలు అనే ఐదింటి కలయిక కావడం వల్ల, భారతీయ భాషలలోని ‘పంచ’ శబ్దం నుంచి ఆ పేరు వచ్చిందని చాలామంది భావిస్తారు. ఆంగ్లంలో ఆ పదం కనిపించే తొలి ప్రస్తావనలలో ఒకటి 1632లో పెటపోలిలోని ఒక ఆంగ్ల వర్తకునికి రాసిన ఉత్తరంలో ఉంది. పెటపోలి అంటే కృష్ణా ముఖద్వారానికి అవతలి వైపున ఉన్న నేటి నిజాంపట్నం. లండను విందులలో వింతగా చెప్పుకొన్న పానీయానికి సంబంధించిన తొలి ఆనవాలు ఈ తీరంలో దొరకడం ఆశ్చర్యకరం. ఏది వింత, ఏది సామాన్యం అనే విభజన చూసేవాడు నిలబడిన చోటును బట్టి మారుతుందని దీనివల్ల తెలుస్తుంది. ఆ పానీయం మత్తు కలిగించేది కాబట్టి అనుసరణీయం కాకపోవచ్చు. దాని చరిత్ర మాత్రం తెలుసుకోదగినదే.

బందరు పేరును ఇంటింటికీ చేర్చినది లడ్డు. శనగపిండిని కారప్పూస మాదిరిగా నూనెలోనో నేతిలోనో వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లపు పాకంతో కలిపి, మళ్లీ నెయ్యి పోస్తూ దంచుతారు. ఈ దంపుడు వల్లనే దానికి తొక్కుడు లడ్డు అనే పేరు వచ్చింది. ఉత్తరాన బుందేల్‌ఖండ్ ప్రాంతం నుంచి తరలివచ్చిన బొందిలీ కుటుంబాలు ఈ విద్యను బందరుకు తెచ్చాయని చెప్పుకొంటారు. 2017లో బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు లభించింది. వలసవచ్చిన మిఠాయి ఊరి పేరునే ధరించి, ఆ ఊరికి చట్టబద్ధమైన కీర్తిని తెచ్చిపెట్టింది. మిరపకాయ విషయంలో జరిగినదే ఇక్కడా జరిగింది. బయటి రుచి స్థానికమైనది కావడానికి కాలం ఒక్కటే చాలదు. స్థానికమైన చేతులు దానిని నేర్చుకోవాలి, స్థానికమైన పంట దానిలో కలవాలి.

బందరు ఎండలో దాహం తీర్చే సోడాబండి కథ కూడా ఇటువంటిదే. సీసా మెడలో గాజుగోళీని నిలిపే విధానానికి ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందాడు. సీసాలో నింపిన వాయువు గోళీని మెడలోని రబ్బరు వలయానికి గట్టిగా ఒత్తిపెడుతుంది. వేరే మూత అక్కర లేదు. బొటనవేలితోనో, చెక్కబిరడాతోనో గోళీని లోపలికి నొక్కగానే కీచుమనే శబ్దంతో సోడా పొంగుతుంది. తాగిన తరువాత సీసా తిరిగి బండికే చేరుతుంది, కడిగి మళ్లీ నింపుతారు. పుట్టిన దేశంలో కనుమరుగైన ఈ సీసా తెలుగునాట గోళీసోడాగా తరతరాలు బతికింది. నిమ్మకాయ, అల్లం, సుగంధిపాల వేళ్ల రసం దానిలో చేరి దానిని తెలుగు పానీయంగా మార్చాయి. 1977లో కోకాకోలా సంస్థ భారతదేశం విడిచి వెళ్లింది. ఆ ఏడాదే థమ్సప్ వచ్చింది. 1993లో కోకాకోలా తిరిగివచ్చి థమ్సప్‌ను కూడా కొనుగోలు చేసింది. ఆ తరువాతి ప్రకటనల హోరులో సోడాబండి క్రమంగా వీధి చివరకు జరిగింది.

మధ్యాహ్నం దాటిన తరువాత దివిసీమకు బయలుదేరిన భోజనప్రియుడు పులిగడ్డ వద్ద ఒక్క క్షణం ఆగి చూడవలసిన దృశ్యం ఉంది. కృష్ణానది అక్కడ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య దీవిగా ఏర్పడిన నేలే దివిసీమ. నదిని దాటి దీవికి మంచినీరు చేరాలంటే కాలువే వంతెన ఎక్కాలి. పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలువనీరు నదీపాయను దాటి అవతలి పొలాలకు, చెరువులకు చేరుతుంది. కింద నది, పైన కాలువ. దివిసీమలో తినే ప్రతి మెతుకు వెనుక, తాగే ప్రతి గుక్క వెనుక ఆ నీటి ప్రయాణం ఉంది.

అక్కడి పానీయాలలో మొదట చెప్పవలసినది నీరా. తాటిచెట్టు గెలను గీసి, లోపల సున్నం పూసిన లొట్టిని కట్టి, తెల్లవారకముందే దించిన తియ్యని రసాన్ని నీరా అంటారు. సున్నం పులియడాన్ని అడ్డుకుంటుంది. ఎండ ఎక్కేకొద్దీ గాలిలోని ఈస్టు సోకి అదే రసం కల్లుగా మారుతుంది. ఒకటి పోషకపానీయం, మరొకటి మత్తుపానీయం. రెండింటి మధ్య దూరం కొన్ని గంటలు, కొంచెం సున్నం. గాంధీజీ నీరాను, తాటిబెల్లాన్ని ప్రోత్సహించడానికి కారణం ఇదే. గీతకార్మికుని వృత్తి నిలవాలి, మత్తు పోవాలి అన్నది ఆయన ఆశయం. 2023లో హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్ తీరాన నీరా కేఫ్ ప్రారంభమైంది. నగరంలో అపురూపమని చెప్పుకొనే ఆ పానీయం తాటితోపుల పల్లెలకు కొత్తది కాదు. భూగర్భజలం ఉప్పబారిన చోట సైతం తాటిచెట్టు బతికి తియ్యని రసాన్ని ఇవ్వగలగడం ప్రకృతి చేసిన వింత. ఆ రసం కోసం మోకు బిగించి చెట్టెక్కే మనిషి ప్రతిదినం చేసే సాహసం ముందు, దానిని గ్లాసులో పోసుకొని తాగేవాని సాహసం చాలా చిన్నది.

రెండవది తరవాణి. అన్నం వార్చిన గంజిని, కడుగునీటిని మట్టికుండలో పోసి పులియబెట్టి, ఆ పుల్లని నీటిలో రాత్రి అన్నం వేసి ఉదయం తినేవారు. బియ్యంలోని ఏ అంశాన్నీ, కుండలోని ఏ చుక్క నీటినీ వృథా కానివ్వని పద్ధతి అది. లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవుల వల్ల ఆ పులుపు వస్తుందని విజ్ఞానశాస్త్రం వివరిస్తుంది. పెద్దల మాటను చద్దన్నం మూటతో పోల్చిన సామెత ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు పేదల ఇంటి కుండగా నిరాదరణకు గురైన ఈ పానీయమే, నేడు పులియబెట్టిన ఆహారాల పేరిట నగరాలలో కొత్త గౌరవాన్ని పొందుతున్నది.

దివిసీమలో మంచినీటి విలువ ఎంతటిదో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన లోకానికి చాటింది. సముద్రం భూమి మీదికి పొంగి సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకొంది. ప్రాణాలు దక్కించుకొన్నవారి చుట్టూ కనుచూపు మేర నీరే ఉంది, తాగడానికి చుక్క లేదు. బావులు, చెరువులు ఉప్పునీటితో, కళేబరాలతో నిండిపోయాయి. సహాయబృందాలు మోసుకువెళ్లిన అన్నపు పొట్లం, మంచినీటి బిందె ఆనాడు అమృతంతో సమానమయ్యాయి. ఆ తరానికి నీటి రుచి తెలుసు. తరువాతి తరాలు ఆ రుచిని చదివి తెలుసుకోవలసి ఉంది.

ఈ కథ విని పాతకాలమంతా మంచిదని, కొత్తదంతా చెడ్డదని తీర్మానించడం పొరపాటు. పాత పానీయాలలో అన్నీ నిర్దోషమైనవి కావు. శుభ్రత లేని నీటితో చేసిన సోడా, ఎక్కడ గడ్డకట్టిందో తెలియని మంచు వేసిన చెరకు రసం కలరా, కామెర్లు వంటి రోగాలను మోసుకువచ్చిన సందర్భాలు లేకపోలేదు. తరవాణి కుండను కడిగి, గంజి మార్చి, తెల్లవారుజామున లేచి ఇంటిల్లిపాదికీ వడ్డించిన స్త్రీ శ్రమను ఎవరూ లెక్కకట్టలేదు. తాటిచెట్టు మీది నుంచి పడి అవిటివారైన గీతకార్మికులు ఎందరో ఉన్నారు. ఆ శ్రమకు తగిన విలువ చెల్లించకుండా పాతరుచులు కావాలని కోరడం కూడా ఒక రకమైన తిండిపోతుతనమే. ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాలు పెద్ద భోజనశాలకే గాక వీధిబండికి కూడా రక్షణ కల్పించే విధంగా అమలు కావాలి. శుభ్రమైన నీరు, శుభ్రమైన మంచు అందుబాటులో ఉంటే సోడాబండివాడు నిలబడగలడు.

కొత్త పానీయాలను కూడా అదే న్యాయంతో పరీక్షించాలి. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఏడెనిమిది చెంచాలు. ఆహారంలో అదనంగా చేరే చక్కెర నుంచి వచ్చే శక్తి మొత్తం శక్తిలో పది శాతానికి మించరాదని, ఐదు శాతం లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. పెద్దవారికి ఆ ఐదు శాతం రోజుకు సుమారు 25 గ్రాములతో సమానం. ఒక్క సీసాతోనే ఆ హద్దు దాటిపోతుంది. రంగు పానీయాలలోని చక్కెర పాకం కూడా తక్కువది కాదు. వీటిని ఎప్పుడో ఒకసారి రుచి చూడడం వేరు, దాహానికి బదులుగా అలవాటు చేసుకోవడం వేరు.

అంతకన్నా తీవ్రమైన విషయం మరొకటి ఉంది. భోజనశాలలలో నేడు అత్యంత ఆదరణ పొందిన వంటకాలలో రొయ్యల వేపుడు, రొయ్యల బిర్యానీ ముఖ్యమైనవి. రొయ్యల సాగు తీరప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు ఆదాయాన్ని ఇచ్చింది. ఆ మేలును కాదనలేము. కాని విచక్షణ లేకుండా తవ్విన ఉప్పునీటి చెరువులు పక్క పొలాన్ని, పక్క మంచినీటి చెరువును చప్పబరచకుండా ఉప్పబరుస్తాయి. 1996లో సుప్రీంకోర్టు తీర్పుకు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టానికి దారితీసిన ఆందోళనలలో ఇదొకటి. మరోవైపు భోజనశాలల వ్యర్థాలు, ప్లాస్టిక్ గ్లాసులు, నీటి సీసాలు కాలువలలో చేరుతున్నాయి. ఎగువ ఊరిలో కాలువలోకి విసిరిన గ్లాసు దిగువ ఊరి చెరువుకు చేరుతుంది. గుడివాడలో పానీయం తాగి గ్లాసును కాలువలో పారవేసినవాడు, శివారు గ్రామంలో ఎవరో తాగవలసిన నీటిలో దానిని పారవేస్తున్నాడు. ఆ కాలువనీటితోనే తన మరునాటి ఇడ్లీకి బియ్యం పండుతున్నదని అతనికి తోచదు.

ఇక్కడే భోజనప్రియుని రుణం అనే మాటకు అర్థం స్పష్టమవుతుంది. తల్లిదండ్రులకు, గురువుకు, సమాజానికి మనిషి రుణపడి ఉంటాడని పెద్దలు చెప్పారు. రుచిని అనుభవించినవాడు ఆ రుచిని సాధ్యం చేసిన నీటికి, నేలకు, చేతికి కూడా రుణపడి ఉంటాడు. బిల్లు చెల్లించడంతో ఆ రుణం తీరదు. దానిని తీర్చే మార్గాలు కష్టమైనవి కావు. భోజనశాలలు తమ పానీయాల జాబితాలో నిమ్మకాయ సోడాకు, మజ్జిగకు, సుగంధిపాలకు, పానకానికి, దొరికే కాలంలో కొబ్బరినీళ్లకు, ముంజెలకు గౌరవస్థానం ఇవ్వవచ్చు. అడిగేవారుంటే తప్పక ఇస్తాయి. ప్రభుత్వాలు నీరాను శుభ్రంగా సేకరించి నిలవచేసే సదుపాయాన్ని పల్లెలకు కల్పిస్తే గీతకార్మికునికి గౌరవప్రదమైన ఆదాయం లభిస్తుంది. పురపాలక సంఘాలు కాలువ గట్లను చెత్తకుప్పలు కాకుండా కాపాడితే శివారు గ్రామం సుఖంగా నీరు తాగుతుంది.

విద్యార్థులు చేయగలిగినది ఇంకా సులభం. ఈసారి మిత్రులతో కలిసి కొత్త హోటలుకు వెళ్లినప్పుడు, వంటకం పేరుతోపాటు అందులోని బియ్యం, చేప, నీరు ఎక్కడివని అడగవచ్చు. సెలవులలో ఒక సాహసయాత్ర చేయదలిస్తే, సొంత మండలంలో మరుగునపడిన ఒక పానీయాన్ని వెతికి, దానిని చేయడం తెలిసిన వృద్ధురాలి వద్దనో, వృత్తికారుని వద్దనో ఆ విధానాన్ని అడిగి రాసుకోవచ్చు. ఛాయాచిత్రంతోపాటు ఆ వివరాన్ని కూడా పదిమందికి పంపవచ్చు. విదేశీ పానీయాన్ని రుచి చూసినవాడు తరవాణి రుచిని కూడా చెప్పగలిగితే అతని జ్ఞానం రెట్టింపవుతుంది.

పులిగడ్డ వద్ద నదిని దాటి దివిసీమకు వెళ్లే కాలువ ప్రతి ఏడాదీ తన ప్రయాణాన్ని కొనసాగిస్తున్నది. ఆ నీరు చివరి ఊరికి తియ్యగానే చేరాలి. అందుకు ఎగువన తినేవారు, తాగేవారు అందరూ బాధ్యులు. ఆ బాధ్యతను గుర్తించి తినేవానికే భోజనప్రియుడు అనే గౌరవనామం తగి ఉంటుంది.